బిల్లులో ఎండ వాటా

చెన్నపట్నంలో కరెంటు బిల్లు రెండు నెలలకొక మారు వస్తుంది. అందుచేత ఇక్కడి సంసారాలలో ఏడాదికి ఆరు తగవులు. మాఘమాసంలో వచ్చే బిల్లు ఎవరినీ ఏమీ అనదు. దానిని చూసుకుని ఇంటిల్లిపాదీ పొదుపరులమే అనుకుంటాము. వైశాఖంలో వచ్చేదానితో వస్తుంది చిక్కు. మేడమీది దీపం ఆర్పనిదెవరు, ఫ్రిజ్ తలుపు తెరిచి అందులో తల పెట్టి నిలబడ్డదెవరు, ఏసీ పెట్టుకుని దుప్పటి కప్పుకున్నదెవరు అని విచారణ మొదలవుతుంది. బిల్లు మాత్రం మారు మాట్లాడదు. ఇన్ని యూనిట్లు కాలినవి, ఇంత కట్టవలసినది, అంతే. అందులో ఎండ కాల్చినదెంత, మనుషులు కాల్చినదెంత అనే పద్దు ఎక్కడా లేదు.

ఆ పద్దు విడదీసే లెక్క ఒకటున్నది. ఇంగ్లీషులో కూలింగ్ డిగ్రీ డే అంటారు. దానికి మంచి తెలుగుమాట కోసం వెతికి, దొరికినవేవీ నోరు తిరగక, డిగ్రీ దినాలని ఊరుకున్నాము. లెక్క ఐదో తరగతి పిల్లవాడు చేయగలిగినదే. ఒక రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత కలిపి సగం చేస్తే ఆనాటి సగటు. ఆ సగటులో నుంచి ఒక మెట్టు తీసివేస్తే మిగిలినవి ఆనాటి డిగ్రీ దినాలు. మెట్టు 27 అనుకుందాము. పగలు 38, తెల్లవారుజామున 28 అయితే సగటు 33. అందులో 27 పోగా 6. సగటు 27 దాటని రోజు సున్న. ఇలా నెలంతా కూడుకుంటూ పోతే ఎండ మన ఇంటినెత్తిన పెట్టిన బరువు ఒక్క అంకెలోకి వస్తుంది. మీటరు చెప్పే యూనిట్లను ఆ అంకె పక్కన పెట్టి చూడడమే తక్కిన పని.

ఈ లెక్క ఇళ్ళ కోసం పుట్టినది కాదు, పొలాల కోసం పుట్టినది. పైరు పండడానికి మొత్తం ఎంత వేడి కూడవలెనని 1735లో రోమ్యూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెక్కవేసినాడు. 1878లో సర్ రిచర్డ్ స్ట్రేచీ, ఒక మెట్టుకు పైబడిన వేడిని రోజురోజుకూ కూడే పద్ధతిని సీమ రైతుల కోసం వివరించినాడు. ఈయన మన దేశంలో చాలాకాలం పనిచేసిన ఇంజనీరు. తరువాత అమెరికాలో గ్యాసు కంపెనీలవారు చలికాలంలో ఇళ్ళకు ఎంత ఇంధనం పడుతుందో ముందుగా తెలుసుకోవడానికి ఇదే లెక్కను తలకిందులు చేసి వాడుకున్నారు. ఏసీలు వచ్చిన తరువాత మళ్ళీ తిరగవేసినారు. మన పెద్దలు రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయన్నదీ, మా పక్కింటి అరవవారు కత్తిరి వెయిలని మే నెలలో పిల్లలను గడప దాటనివ్వనిదీ, ఎండను మొత్తంగా గుర్తుపెట్టుకునే పద్ధతులే. అంకె ఒక్కటే తక్కువ.

ఆ మెట్టు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. అమెరికావారు 65 డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర పెట్టుకున్నారు. మన కొలతలో 18కి కాస్త ఎక్కువ. వాళ్ళ దేశానికి అది సరిపోతుంది కాబోలు. చెన్నపట్నంలో ధనుర్మాసం తెల్లవారుజామున కూడా 18కి దిగడం అరుదు. వందేళ్ళ కిందట, 1905 జనవరిలో, 13.9కి దిగినదని ఇప్పటికీ చెప్పుకుంటున్నారంటే మా చలి సంగతి తెలుస్తూనే ఉన్నది. 18 మెట్టు పెడితే ఏడాదిలో దాదాపు ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది, తిరువాదిరై నాడు కంబళి చుట్టుకునే ముసలివారు సహా. కనుక ప్రతి ఇల్లూ తన మెట్టు తానే కనిపెట్టుకోవాలి. సగటు ఎంత దాటిన రాత్రి ఆ ఇంట్లో ఏసీ మీట నొక్కుతారో అదే ఆ ఇంటి మెట్టు.

మా ఇంటి మెట్టును కనిపెట్టినది కాలేజీలో చదువుకునే మా పెద్దపిల్ల. 2024 సంక్రాంతి మరునాటినుంచి ఒక పాత బౌండు నోటుబుక్కులో రోజూ ఉదయం మీటరు అంకె, దాని పక్కన నుంగంబాకం వాతావరణ కేంద్రంవారి గరిష్ఠం, కనిష్ఠం రాయడం మొదలుపెట్టింది. ఈ నుంగంబాకం కేంద్రం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. మదరాసు అబ్జర్వేటరీ ఉన్న చోటు అది. 1792లో దుర్భిణి నిలపడానికి వేసిన రాతి స్తంభం ఇప్పటికీ ఆ ఆవరణలో ఉన్నది, దానిమీద తమిళంతో బాటు తెలుగు అక్షరాలు కూడా చెక్కి ఉన్నవి. ఈ ఊరు మీది కాదుగదా అని ఎవరైనా అంటే మేము చూపించే సాక్ష్యాలలో అదొకటి.

మా ఇల్లు చింతాద్రిపేటలో. ముత్తాతగారు నెల్లూరినుంచి వచ్చి కట్టిన ముందుభాగం మద్రాసు టెర్రస్, అనగా టేకు దూలాలమీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు. దానికింద మధ్యాహ్నం హాయిగా కునుకు తీయవచ్చును. మేము ఫ్యానుతోనే సరిపెట్టుకుంటాము. పైన ఒక గది వేసి తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలు ఉంటున్నారు. అక్కడొక ఏసీ. వెనుకభాగం తరువాత పోసిన సిమెంటు స్లాబు. పగలంతా తాగిన ఎండను అది రాత్రంతా కక్కుతుంది. దానికింద గదిలో నాయనమ్మ. పిల్లలకు నాయనమ్మ గనుక మా అందరికీ నాయనమ్మే. ఎనభై దాటినవి. స్నానాల గది దగ్గరని, వీధి చప్పుడు వినబడదని ఆ గది ఆమె కోరి తీసుకున్నది. అక్కడ రెండో ఏసీ. స్లాబుపైన వట్టి మొట్టమాడి. డాబా అంటే మా పిల్లలు ఒక క్షణం ఆలోచిస్తారు, మొట్టమాడి అంటే చటుక్కున మెట్లెక్కుతారు.

జనవరి, ఫిబ్రవరి నెలలకు 27 మెట్టుమీద 12 డిగ్రీ దినాలు కూడినవి. కరెంటు 268 యూనిట్లు. మార్చి, ఏప్రిల్‌లకు 150 డిగ్రీ దినాలు, 420 యూనిట్లు. పిల్ల గళ్ళకాగితంమీద చుక్కలు పెట్టి గీత గీసింది. ఎండ ఏమీ లేకపోయినా ఫ్రిజ్, మోటారు, దీపాలు, ఫ్యాన్లు కలిసి రెండు నెలలకు 255 యూనిట్లు తింటాయి. ఆపైన ఒక్కొక్క డిగ్రీ దినానికి ఒకటింపావుకు కొంచెం తక్కువ, సరిగ్గా చెప్పాలంటే 1.1 యూనిట్లు. వాతావరణశాఖవారి సగటు ఉష్ణోగ్రతలను బట్టి చూస్తే మే, జూన్‌లలో మా మెట్టుమీద సుమారు 340 డిగ్రీ దినాలు కూడాలి. అంటే బిల్లు 629 యూనిట్ల దగ్గరకు వస్తుంది.

మే మొదటి వారంలో ఏప్రిల్ బిల్లు వచ్చింది. తమ్ముడే కడతాడు. చూసి ఏమీ అనలేదు, టెలిఫోను బల్లమీద బోర్లా పెట్టి, అన్నం తక్కువ తిని లేచిపోయినాడు. అతని భయం ఉత్తి భయం కాదు. 2022 సెప్టెంబరులో వచ్చిన రేట్ల పట్టికలో 500 యూనిట్ల వరకు ఒక ధర, దాటితే వెనుకటి యూనిట్లకు కూడా మరొక ధర. 500 యూనిట్లకు 1725 రూపాయలు, 501కి 1958. ఆ ఒక్క యూనిటు ఖరీదు 233 రూపాయలన్నమాట. ఈ పట్టిక తయారుచేసినవారు ఎండాకాలం ఎక్కడ గడిపినారో మాకు తెలియదు.

"ఈ మాటు అయిదువందలు దాటుతుందా అమ్మడూ?" అని అడిగినాడు.

"దాటుతుంది బాబాయ్. ఎవరూ దుబారా చేయకపోయినా దాటుతుంది. ఎండ వాటాయే అంత ఉంది" అన్నది పిల్ల.

ఈ మాటలు అన్నాల దగ్గర జరిగినవి. నాయనమ్మ మజ్జిగ అన్నం కలుపుకుంటూ విన్నది.

కత్తిరి మొదలయిన తరువాత నోటుబుక్కులో ఒక వింత కనిపించింది. సగటు 30, 31 ఉన్న రోజులలో మీటరు గీతమీదనే నడుస్తున్నది. సగటు 33 దగ్గరకు పోయిన రోజులలో, గీత ప్రకారం 11 యూనిట్లు కాలవలసిన చోట 8 మాత్రమే కాలుతున్నవి. ఒక రోజయితే ఎవరో ఊరికి వెళ్ళి ఉంటారనుకోవచ్చును. ఎవరూ వెళ్ళలేదు. మేడమీద ఏసీ ఎప్పటివలెనే మోగుతున్నది. మరీ ఎండ మండిన నాడే కరెంటు తక్కువ కాలడమేమిటి? తమ్ముడు సంతోషించి, "చూశారా, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే ఎంత తగ్గుతుందో" అన్నాడు. పిల్ల మాత్రం ఆ చుక్కలచుట్టూ ఎర్రసిరాతో సున్నలు చుట్టి, ఆ రాత్రి చాప తీసుకుని నాయనమ్మ గదిలో పడుకుంది.

పదకొండింటికి నాయనమ్మ లేచింది. రిమోటు తలగడ కింద నుంచి తీసి ఏసీ ఆపింది. కిటికీ తెరిచింది. కూజాలో నీళ్ళతో తువ్వాలు తడిపి గుండెలమీద వేసుకుని పడుకుంది. తెల్లవారి మేము లేచే లోపల కిటికీ మూసి, తువ్వాలు పెరట్లో ఆరవేసి, మళ్ళీ ఏసీ పెట్టుకుంటుందిట. గదిలోకి ఎవరు తొంగిచూసినా చల్లగానే ఉంటుంది మరి.

అడిగితే మొదట ఎముకలకు చలి అన్నది. పిల్ల ఎర్రసున్నలు చూపించిన తరువాత, "వాడు బిల్లు చూసి అన్నం మానేసినాడే. ఎండ ఎక్కువైననాడే కదా బిల్లు ఎక్కువయ్యేది, ఆ నాలుగు రాత్రులూ నేనొక్కదాన్ని ఓర్చుకుంటే సరిపోతుంది" అన్నది. ఎండ వాటా సిద్ధాంతం మా అందరికన్న ఆమెకే బాగా అర్థమైనదని ఒప్పుకోవాలి.

ఇక్కడ మా పిల్ల చేసిన పని మాకు నచ్చింది. నాయనమ్మది పిచ్చి ఆలోచన అని కొట్టివేయలేదు. కాగితం తీసుకుని లెక్క కట్టింది. నాయనమ్మ గది ఏసీ రాత్రికి 3 యూనిట్ల చొప్పున, అరవై రాత్రులకు 180. అది తీసివేస్తే 629 కాస్తా 449 అవుతుంది, 500 దాటదు. అంటే నాయనమ్మ ఓర్చుకుంటే నిజంగానే బిల్లు కిందికి దిగుతుంది. 449కి కట్టవలసినది 1419 రూపాయలు, 629కి 3011. తేడా 1592. దానిని అరవై రాత్రులతో భాగించి తమ్ముడిముందు పెట్టింది.

"రాత్రికి ఇరవై ఆరు రూపాయల చిల్లర, బాబాయ్."

తమ్ముడు ఆ కాగితాన్ని చాలాసేపు చూసినాడు. 1592 అన్నప్పుడు నొచ్చిన మనిషి ఇరవై ఆరు అనేసరికి తల వంచుకున్నాడు. నాయనమ్మ కూడా ఆ అంకె విని ఆశ్చర్యపడి, "అంతేనా? అయితే సాయంత్రం కాఫీ మానేస్తాలే" అన్నది. తమ్ముడు లేచి వెళ్ళి ఆ గది రిమోటు తన జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచి రాత్రి పది గంటలకు తానే వచ్చి పెడతాడు, ఉదయం ఆరింటికి తానే ఆపుతాడు. తల్లీ కొడుకూ దీని గురించి మళ్ళీ మాట్లాడుకోగా మేము వినలేదు.

ఈ లెక్కను ఇంజనీర్లు దుబారా పట్టుకోవడానికి వాడతారు. పెద్ద ఆఫీసులలో, ఆసుపత్రులలో గీతకు పైన చుక్క పడితే ఎక్కడో ఫిల్టరు మూసుకున్నదనో, తలుపు సరిగా పడడం లేదనో వెళ్ళి చూస్తారు. గీతకు దిగువన చుక్క పడితే సంతోషించి పైవారికి కాగితం పంపుతారు. ఇంట్లో ఆ సంతోషం చెల్లదు. ఎండ ఇంత అడిగింది, ఇల్లు అంత ఇవ్వలేదు. తక్కినది ఎవరి ఒంటిమీదనుంచి పోయింది అని అడగాలి. వయసు మీరినవారికి దాహం సరిగా తెలియదు, చెమట సరిగా పట్టదు. పగలు ఎండకు అలిసిన ఒళ్ళు రాత్రి చల్లబడితేనే మరునాటికి కోలుకుంటుంది. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణాలలో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా పోయినారు. మన బంధువుల ఊళ్ళనుంచి ఆనాడు వచ్చిన కబుర్లు పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

నాయనమ్మ గది విషయమై తరువాత చేసినవి చిన్నపనులే. ఎండను లోపలికి రానిచ్చి తరువాత కరెంటుతో బయటికి తోయడం కన్న, పైననే ఆపడం మంచిదని స్లాబుమీద తెల్లరంగు రెండు పూతలు వేయించినాము. 2023 ఏప్రిల్‌లో తెలంగాణా ప్రభుత్వం ఈ చల్లని కప్పులకు ఏకంగా ఒక విధానమే ప్రకటించింది. మనవాళ్ళు వెనుకటికి ఏటేటా మేడకు సున్నం కొట్టించినది ఇందుకే గదా. మధ్యాహ్నం మొట్టమాడిమీద నిలబడితే కళ్ళు చెదురుతున్నవి, వడియాలు పెట్టుకోవడానికి మా మరదలు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళుతున్నది. లోపల ఏసీని 26 దగ్గర నిలిపి ఫ్యాను కూడా తిప్పుతున్నాము. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు నూటికి ఆరు పాళ్ళు కరెంటు మిగులుతుందని ప్రభుత్వపు ఇంధన పొదుపు సంస్థవారే 2018లో చెప్పినారు. 2020 జనవరినుంచి కొత్త ఏసీలు మీట నొక్కగానే 24తో మొదలుకావాలని నిబంధన కూడా పెట్టించినారు.

ఏసీకి ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అని పేరెందుకని నాయనమ్మ ఒకనాడు అడిగింది. అమెరికా టన్ను, అనగా 907 కిలోల మంచుగడ్డ ఒక పగలూ రాత్రీ కరుగుతూ ఎంత వేడిని లాగుకుంటుందో అంత లాగగలిగినది ఒక టన్ను ఏసీ. మెరీనా ఒడ్డున ఇప్పుడు వివేకానందుల ఇల్లని పిలిచే భవనం 1842లో అమెరికానుంచి ఓడలమీద వచ్చిన మంచుగడ్డలు దాచడానికి కట్టినదే. అందుకే ముసలివారికి అది ఇప్పటికీ ఐస్ హౌసు. దొరలకోసం వచ్చిన ఆ మంచు నాయనమ్మ గదిలో రాత్రికి ఇరవై ఆరు రూపాయలకు కరుగుతున్నదని చెబితే ఆమె చాలా నవ్వింది.

2025 వేసవిలో గీత మళ్ళీ గీసినాము. నాయనమ్మ గదిలో రాత్రంతా ఏసీ నడిచినా డిగ్రీ దినానికి 1.1గా ఉన్నది 0.95కి దిగింది. బిల్లు 500 దాటడం మానలేదు. తమ్ముడు దానిని గురించి రేట్లు పెట్టినవారిని అంటున్నాడు గాని ఇంట్లో ఎవరినీ అనడం లేదు. అతనికి ఇప్పుడు మరొక వ్యసనం పట్టుకున్నది. పొద్దున్నే కాఫీకన్న ముందు, "నిన్న ఎన్ని?" అని అడుగుతాడు. 2024 మే 30న దేశం మొత్తంమీద ఒకే సమయంలో 2,50,000 మెగావాట్ల కరెంటు కావలసివచ్చిందని పత్రికలో చదివి, "అందులో మన 11 యూనిట్లు కూడా ఉన్నాయి" అని గర్వంగా చెప్పుకున్నాడు.

ఈ లెక్కకు లోటు లేకపోలేదు. దీనికి ఉక్క తెలియదు. సాయంత్రం సముద్రపు గాలి రాని నాడు సగటు 31 అయినా ప్రాణం విలవిలలాడుతుంది. గాలి వీచిన నాడు 33 కూడా గడిచిపోతుంది. అటువంటి రోజులకు పిల్ల పక్కన ఉ అని రాస్తుంది. యానాంలో ఉన్న మా వియ్యంకులు ఈ సంగతి విని, గోదావరి ఒడ్డున ప్రతిరోజూ ఉ తప్పదు, నోటుబుక్కు చాలదని ఉత్తరం రాసినారు. బరంపురంలో మా ఆడపడుచు కూడా మొదలుపెట్టింది. ఆవిడ మెట్టు 28 దగ్గర తేలినది. బెంగుళూరు బావగారు మాత్రం 27 మెట్టుమీద పేజీలన్నీ సున్నలే వస్తున్నాయని, మమ్మల్ని ఉడికించడానికి ఆ పేజీ ఫోటో తీసి పంపించినారు. ఆయనకు మెట్టు దించుకోమని చెప్పవలసి ఉన్నది.

మొదలుపెట్టదలచినవారు ఒక ఏడాదైనా రాయాలి. మీటరు అంకె రోజూ ఒకే వేళకు తీసుకోవాలి. చుట్టాలు వచ్చిన రోజులు, ఊరికి వెళ్ళిన రోజులు, కరెంటు పోయిన రాత్రులు పక్కన గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ఆ చుక్కలు చూసి ఏవేవో అనుకుంటాము. మా పుస్తకంలో ఈ సంవత్సరం కొత్తగా ఒక వరస చేరినది. దానిని నింపేది నాయనమ్మే. రాత్రి నిద్ర పట్టినదా లేదా అని అందులో పెన్సిలుతో ఒక టిక్కు గాని, ఇంటూ గాని పెడుతుంది. మొన్న బుధవారం చుక్క గీతకు దిగువన పడింది. టిక్కు ఉన్నది. అయినా మా తమ్ముడు వెళ్ళి ఆ గది తలుపు తట్టి వచ్చినాడు.